పల్లి దిగితే పసిడి ఎక్కుతుందా?

2025 జూన్‌లో తెలంగాణ వినియోగదారుల ధరల సూచీ, అంతకు ముందటి ఏడాది జూన్‌తో పోలిస్తే 0.93 శాతం తగ్గింది. పెరిగే వేగం మందగించడం కాదు, ధరలే కిందికి దిగాయి. దానికి రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు తాకింది. గద్వాల అంగట్లో కందిపప్పు, కూరగాయలు కొనుక్కున్నవాళ్లకు ఆ ఎండాకాలం కాస్త ఊపిరాడింది. అదే ఎండాకాలం వనపర్తిలో పిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంట్లో పుస్తెలతాడు ఎన్ని తులాలన్న చోటే మాట ఆగిపోయింది.

ధరలు పడిపోయే రోజుల్లో బంగారం పెరుగుతుందని కొందరంటారు. ద్రవ్యోల్బణం వస్తేనే పెరుగుతుందని ఇంకొందరు. రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించడం వల్లే పెరిగిందని టీవీలో రోజూ వింటాం. మూడింటిలోనూ నిజముంది, కానీ ఒక్కోటి ఒక్కో కాలానికి, ఒక్కో దేశానికి చెందిన నిజం. అవి ఒకదానితో ఒకటి ఎక్కడ తగువు పడతాయో చూడాలంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు మంచి చోటు. వందేళ్ల కింద ఇక్కడివాళ్లు రెండు రకాల రూపాయలతో ధరల పతనాన్ని చూశారు. ఇప్పటివాళ్లు బ్యాంకు లాకర్లో కుదువ పడ్డ సొమ్ముతో చూస్తున్నారు.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ధరలు రెండు రకాలుగా పడతాయి. వానలు బాగా కురిసి, పంట విరగపండి, సరుకు ఎక్కువైతే పడేది ఒక రకం. 2025లో మనం చూసినది చాలావరకు ఇదే. అక్టోబరులో దేశం మొత్తానికి ద్రవ్యోల్బణం 0.25 శాతానికి జారడానికి ఆహార ధరలు పడిపోవడమే ప్రధాన కారణం. రెండో రకంలో సరుకు ఎంతున్నా కొనే చేతుల్లో డబ్బుండదు. అప్పిచ్చినవాళ్లు తిరిగి కట్టమని ఒత్తిడి చేస్తారు, అందరూ ఒకేసారి అమ్మకానికి దిగుతారు, అమ్మినకొద్దీ ధర ఇంకా పడుతుంది. 1933లో అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ దీన్నే అప్పు, ధరల పతనం కలిసి తిరిగే సుడిగా వివరించాడు. అప్పు తీర్చేకొద్దీ అప్పు బరువు పెరుగుతుందన్నది ఆయన సిద్ధాంతంలో కీలకం. బస్తా ధర సగమైతే, కాగితం మీద అప్పు రూపాయల్లో మారకపోయినా బస్తాల్లో రెట్టింపవుతుంది. పట్నం ఉద్యోగికి మొదటి రకం వరమే. రైతుకు మాత్రం రెండు రకాలకూ పెద్ద తేడా తెలియదు. ఆయన అమ్మేదే ఆహారం కాబట్టి మొదటిది కూడా రెండోదానిలాగే తగులుతుంది. పత్రికల్లో ద్రవ్యోల్బణం మీద రాసేవాళ్లు ఎక్కువగా కొనేవాళ్ల వైపు నుంచే రాస్తారు. ఈ మూడు జిల్లాల్లో ఎక్కువమంది అమ్మేవాళ్లు.

రెండో రకం పతనం ఇక్కడికి 1929 తర్వాత వచ్చింది. అప్పుడు గద్వాల, వనపర్తి హైదరాబాద్ రాజ్యంలోని సంస్థానాలు. గద్వాల రాయచూరు జిల్లాలో ఉండేది, 1956లో గానీ పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో కలవలేదు. 1924 నుంచి అక్కడ పాలన మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మది. ఈ రెండు సంస్థానాలూ ఒకప్పుడు సొంత నాణేలు కొట్టించాయి. వాటిని ఇప్పటికీ నాణేల సేకర్తలు వెతుకుతుంటారు. 1930 నాటికి మాత్రం చలామణిలో ఉన్నది నిజాం హాలీ సిక్కా. తుంగభద్ర దాటి కర్నూలు వెళ్తే బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి. వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు, అంటే ఆరింటికి ఏడు. అలంపురం రేవు దగ్గర ఈ లెక్క పిల్లలకు కూడా వచ్చుండాలి.

హైదరాబాద్‌కు సొంత టంకసాల ఉంది, 1918 చట్టంతో సొంత నోట్లూ వచ్చాయి. దేశీ సంస్థానాల్లో ఆ హోదా మరొకరికి లేదు. దాన్నిబట్టి నిజాం సర్కారుకు సొంత ద్రవ్య విధానం ఉండేదనుకుంటే పొరపాటే. హాలీ కల్దారుకు కట్టుబడి ఉంది. కల్దారు 1927 చట్టం ప్రకారం 18 పెన్నీల దగ్గర పౌండుకు కట్టుబడి ఉంది. పౌండు బంగారానికి. అంటే కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో జొన్న, పల్లి, ఆముదం ధర ఏ రూపాయల్లో పలికినా పగ్గం లండన్ చేతిలోనే ఉంది. 18 పెన్నీలు ఎక్కువని, 16 చాలని, కరెన్సీ సంగతి తేల్చడానికి వేసిన హిల్టన్ యంగ్ కమిషన్‌లో పురుషోత్తమ్‌దాస్ ఠాకూర్‌దాస్ భిన్నాభిప్రాయం రాశాడు. 1930 జనవరిలో గాంధీ వైస్రాయి ముందుంచిన పదకొండు డిమాండ్లలో ఉప్పు పన్నుతో పాటు ఈ 16 పెన్నీలు కూడా ఉన్నాయి. ఉప్పు చరిత్రకెక్కింది, మారకపు రేటు ఎక్కలేదు. రైతుకు రెండోదే ఎక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం.

నష్టం ఎంతో అంకెల్లో చూడొచ్చు. 1914 జూలైని 100గా తీసుకున్న కలకత్తా టోకు ధరల సూచీ 1929లో 141, 1931లో 96, 1933లో 87. నాలుగేళ్లలో సుమారు 38 శాతం పతనం. పంటల ధరలు దీనికన్నా ఎక్కువే పడ్డాయి. శిస్తు, వడ్డీ, పేష్కష్ మాత్రం నగదులో స్థిరంగా ఉన్నాయి. గద్వాల సంస్థానం నిజాంకు ఏటా చెల్లించే పేష్కష్ 86 వేల రూపాయల పైచిలుకని గత శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్ రాసింది. ఇలాంటి మొత్తాలు ధరలతో పాటు దిగవు. ధాన్యం సగం ధరకు దిగితే అదే పేష్కష్‌కు, అదే శిస్తుకు రెండింతల ధాన్యం అమ్మాలి. పతనం సరిగ్గా మొదలయ్యే వేళ, 1929-30లో, ఆర్థికవేత్త ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాద్ రాజ్యంలో ఊళ్లు తిరిగి రైతు అప్పులు, ఖర్చులు లెక్క గట్టాడు. తుఫాను ముందటి ఇల్లు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఆ లెక్కల సంపుటాలే దిక్కు.

1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణం వదిలేసింది. పౌండు విలువ పడింది, దానికి కట్టిన రూపాయీ పడింది. అప్పటిదాకా తులానికి 21 రూపాయల 3 అణాల 10 పైలుగా చట్టం కట్టి ఉంచిన బంగారం ఒక్కసారిగా ఎక్కడం మొదలుపెట్టింది. నేటి కొలతలో చెబితే 1930లో పది గ్రాములు 18 రూపాయలు, 1935లో 30 దాటింది. ఒకవైపు పంట పాతాళంలో, మరోవైపు బంగారం కొండమీద. రెండూ కలిపి చూస్తే, ఆ అయిదారేళ్లలో అదే బంగారంతో కొనగల సరుకు సుమారు రెండున్నర రెట్లయింది. బంగారం దాచుకున్నవాడికి అంతకన్నా మంచి కాలం లేదు. కానీ దాచుకోగలిగిందెవరు?

అప్పటిదాకా ఏటా బంగారం దిగుమతి చేసుకునే దేశం ఎగుమతి మొదలుపెట్టింది. మొదటి రెండేళ్లలోనే నూరు కోట్ల రూపాయలకు పైగా విలువైన బంగారం బొంబాయి రేవు నుంచి వెళ్లిపోయింది. దశాబ్దం చివరికి అది మూడు వందల కోట్లు దాటింది. ఎగుమతిని ఆపమని కేంద్ర శాసనసభలో అడిగినవాళ్లకు ఆర్థిక సభ్యుడు జార్జి షుస్టర్ ఒప్పుకోలేదు. ఆ బంగారం లండన్ అప్పులు తీర్చడానికి పనికొచ్చింది.

ఈ అమ్మకాల మీద పాత వాదం ఒకటుంది. ధర బాగా వచ్చింది కాబట్టి లాభానికి అమ్ముకున్నారని ప్రభుత్వం వైపువాళ్లు. అప్పుల ఒత్తిడికి తాళలేక అమ్ముకున్నారని జాతీయవాదులు. జర్మన్ చరిత్రకారుడు డీట్మార్ రోథర్ముండ్ 1930ల భారతదేశంపై 1992లో వచ్చిన తన పుస్తకంలో రెండో పక్షానికే బలం చేకూర్చాడు. పాత బాకీల వసూలుకు షావుకార్లు బిగించడం, రైతు ఇంట్లో మిగిలిన ఒకే చరాస్తి నగలు కావడం ఆయన వాదానికి పునాది. చరిత్రకారుడు జి. బాలచంద్రన్ ఇదే కథను లండన్ వైపు నుంచి చూసి, సామ్రాజ్యానికి బంగారం ఎంత అవసరమైందో చూపించాడు. నాకు ఈ రెండు పక్షాల మధ్య గోడ కొంచెం కృత్రిమంగా అనిపిస్తుంది. బొంబాయి సరాఫు లాభానికే అమ్మి ఉంటాడు. కొల్లాపురం పల్లెలో కమ్మలు తీసి షావుకారి ముందు పెట్టినామెకు ధర పెరిగిందన్న సంగతి తెలిసినా తెలియకపోయినా ఒకటే. ఆమె ఇచ్చినది శిస్తు గడువు తేదీకి, ధరకు కాదు.

ఇక బంగారం గురించి పండితులు తేల్చినదేమిటి? రాయ్ జాస్ట్రమ్ 1977లో ‘ది గోల్డెన్ కాన్‌స్టంట్’ అనే పుస్తకంలో 1560 నుంచి 1976 దాకా ఇంగ్లండ్, అమెరికా లెక్కలు తీశాడు. అందరూ అనుకునేదానికి ఆయన ఫలితం అడ్డం తిరిగింది. ధరలు పెరిగే కాలాల్లో బంగారం కొనుగోలు శక్తి నిలబడలేదు, పడిపోయే కాలాల్లోనే పెరిగింది. ఇది వినగానే 2025 తెలంగాణకు అతికించాలనిపిస్తుంది. అతకదు. ఆయన చూసిన శతాబ్దాల్లో ఎక్కువభాగం డబ్బంటేనే బంగారం, దాని ధర చట్టంతో స్థిరం. మిగతా సరుకులు పడితే స్థిరంగా ఉన్నది తనంతట తనే విలువైపోతుంది. బంగారం ఏమీ చేయనక్కర్లేదు.

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న చివరి ముడి విప్పాక ఆట మారింది. ఇప్పుడు బంగారం మిత్తి ఇవ్వని ఆస్తి. డబ్బును వడ్డీకి పెడితే ధరల పెరుగుదల పోగా నికరంగా ఎంత మిగులుతుందన్నదే దానికి పోటీ. నికర వడ్డీ ఎక్కువైతే బంగారం దిగుతుంది, తక్కువైతే ఎక్కుతుంది. ఆర్థికవేత్తలు బార్‌స్కీ, సమ్మర్స్ 1988లో ఈ సంబంధాన్ని గట్టిగా నిలబెట్టారు. 1980లో 850 డాలర్లు తాకిన ఔన్సు, అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి పాల్ వోల్కర్ వడ్డీని 20 శాతం దాకా తీసుకెళ్లాక 1982 నాటికి మూడు వందల చిల్లరకు జారింది. ఇక 2008 మాంద్యంలో మొదట అందరికీ నగదు కావలసివచ్చి బంగారం వెయ్యి నుంచి ఏడొందలకు పడింది. కేంద్ర బ్యాంకులు వడ్డీని సున్నాకు దించి నోట్లు గుమ్మరించాకే 2011లో 1,900కు ఎక్కింది. ధరల పతనం తనంతట తాను బంగారాన్ని పెంచదు. పతనానికి భయపడిన కేంద్ర బ్యాంకు చేసే పని పెంచుతుంది. ఈ మొత్తం చర్చలో నేను గట్టిగా నమ్మే వాక్యం ఇదొక్కటే.

2022 తర్వాత ఈ నికర వడ్డీ సూత్రం కూడా కుంటుతోంది. రష్యా విదేశీ నిల్వలను పడమటి దేశాలు స్తంభింపజేశాక, ఎవరూ ఆపలేని నిల్వ కోసం కేంద్ర బ్యాంకులు బంగారం వైపు తిరిగాయి. మూడేళ్ల పాటు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. మన రిజర్వు బ్యాంకు దగ్గర కూడా 2025 మార్చి నాటికి 880 టన్నుల దాకా చేరింది. 1991లో విదేశాల్లో తాకట్టు పెట్టిన బ్యాంకే ఇది. అమెరికాలో నికర వడ్డీ ఎక్కువగా ఉన్న రోజుల్లోనే 2025 అక్టోబరులో ఔన్సు 4,000 డాలర్లు దాటింది.

ఇప్పుడు రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించడం వల్లే ఇక్కడ బంగారం పెరిగిందన్న మాటను తూకం వేద్దాం. రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, 2025లో 6.5 శాతం నుంచి మెట్లుమెట్లుగా 5.25కు దిగింది. ధరలు అంతకన్నా వేగంగా దిగాయి కాబట్టి నికర వడ్డీ నిజానికి పెరిగింది. అక్టోబరులో రెపో 5.5, ద్రవ్యోల్బణం 0.25. తేడా అయిదు శాతం పైనే. పుస్తకం ప్రకారం బంగారం పడాలి. పడలేదు. ఎందుకంటే మన తులం ధరలో మూడు పాళ్లుంటాయి: లండన్, న్యూయార్కుల్లో డాలరు ధర, డాలరుకు ఎన్ని రూపాయలన్నది, ఢిల్లీ వేసే దిగుమతి సుంకం. మొదటిది పెరిగింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. సుంకాన్ని 2024 జూలైలోనే 15 నుంచి 6 శాతానికి కోసేశారు, ఇంక కోయడానికి పెద్దగా మిగల్లేదు. రెపో రేటు వంతు వీటన్నిటి తర్వాతే. 1931లో పగ్గం లండన్‌లో ఉంటే ఇప్పుడు వాషింగ్టన్‌లో, బీజింగ్‌లో ఉంది.

రైతు వైపు నుంచి చూస్తే ఎంత దూరం వచ్చామో మద్దతు ధరతో కొలవచ్చు. 2015లో పది గ్రాముల బంగారం 26 వేల చిల్లర, పల్లి క్వింటాలు మద్దతు ధర 4,030. అంటే పది గ్రాములకు ఆరున్నర క్వింటాళ్ల పల్లి. 2025లో బంగారం లక్ష, పల్లి 7,263. అదే పది గ్రాములకు పదమూడు పైచిలుకు క్వింటాళ్లు కావాలి. వడ్ల లెక్కలో 18 క్వింటాళ్ల చిల్లర నుంచి 42కు పెరిగింది. మద్దతు ధర దొరికితేనే ఈ లెక్క. ఏడాది చివరికి బంగారం లక్షా ముప్పై వేలు దాటింది కాబట్టి అసలు లెక్క ఇంకా ఘోరం. 1930ల్లో రెండున్నర రెట్లు, ఇప్పుడు రెండు రెట్లు దాటింది. తేడా ఏమిటంటే అప్పుడు పంట కూలింది, ఇప్పుడు పంట నింపాదిగా పెరుగుతుంటే బంగారం పరుగెత్తింది. కొత్తగా కొనాలనుకునే ఇంటికి రెండింటి ఫలితం ఒకటే.

రెపో రేటు ఈ మూడు జిల్లాల చేను దాకా ఎంతవరకు వస్తుంది? పంట రుణం సకాలంలో కడితే రైతుకు పడే వడ్డీ 4 శాతం, రెపో ఎటు కదిలినా ఆ అంకె కదలదు. బ్యాంకు బయట సంగతి వేరు. గద్వాల ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనాలకు దేశంలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటి. అక్కడ కంపెనీకీ రైతుకూ నడుమ సీడ్ ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి ఇచ్చేదీ ఆయనే, పంట తీసుకునేదీ ఆయనే. నూటికి రెండు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 24 శాతం, అక్కడ వినడానికి కొత్త మాట కాదు. రిజర్వు బ్యాంకు పావు శాతం తగ్గిస్తే పత్రికల్లో పతాక శీర్షిక వస్తుంది. ఆ 24లో పావు కూడా తగ్గదు.

వనపర్తి పల్లి రైతు ఒకాయన యాసంగికి నూటికి రెండు చొప్పున లక్ష తెచ్చాడనుకుందాం. తెచ్చిన రోజు పల్లి 7,000 ఉంటే అప్పు పద్నాలుగు క్వింటాళ్ల పైన. ఆరు నెలలకు కోతల వేళ ధర 5,500కు పడితే, మిత్తితో కలిపి 1,12,000 తీర్చడానికి ఇరవై క్వింటాళ్లు దాటాలి. ఆరు క్వింటాళ్ల తేడాలో మిత్తి భాగం సుమారు రెండు క్వింటాళ్లే. మిగతాదంతా ధర పతనం. ఫిషర్ సుడి ఈ చేనులో ఏటా తిరుగుతుంది. ఢిల్లీ సూచీలో మాత్రం అది ఆహార ధరల ఊరటగా నమోదవుతుంది. 2019 జాతీయ నమూనా సర్వే తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని, సగటు అప్పు లక్షా యాభై రెండు వేలని చెప్పింది. అప్పున్న ఇంటికి ధరల పతనం ఊరట కాదు.

అప్పుడు బంగారం బయటికొస్తుంది. 1930ల్లో అమ్మేశారు, ఇప్పుడు కుదువ పెడుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. నగ తిరిగి వచ్చే దారి ఒకటి మిగిలి ఉంటుంది. 2025లో దేశంలో బ్యాంకుల బంగారు రుణాలు ఏడాదిలోనే రెండింతలు దాటాయి. దీన్ని కొందరు జనం చేతిలో సంపద పెరిగిన గుర్తుగా చూస్తారు. అదే నగ మీద ఎక్కువ అప్పు పుడుతున్న మాట నిజమే. కానీ నగ బరువు పెరగలేదు, అప్పు పెరిగింది. ధర ఎక్కిన ఏడు ఎక్కువ తీసుకున్న అప్పును, ధర దిగిన ఏడు తీర్చాల్సి రావచ్చు.

దీనికి సాక్ష్యం దూరంగా లేదు. నగ విలువలో ఎంత శాతం అప్పివ్వవచ్చన్న పరిమితిని రిజర్వు బ్యాంకు 2012లో బంగారు రుణాల కంపెనీలకు 60కి దించింది. 2013లో ప్రపంచ మార్కెట్లో బంగారం పావు వంతుకు పైగా పడింది. ఆ దెబ్బ చల్లారాక 2014లో పరిమితి మళ్లీ 75 అయింది. కోవిడ్ రోజుల్లో, 2020 ఆగస్టులో, బ్యాంకులకు 90 దాకా పెంచారు. 2025 జూన్ నిబంధనల్లో రెండున్నర లక్షల లోపు అప్పులకు 85, అయిదు లక్షల దాకా 80, ఆపైన 75 చేశారు. ఇవి అమలు చేయడానికి గడువు 2026 ఏప్రిల్ 1. రెపో కన్నా ఈ శాతమే మన మూడు జిల్లాలకు అసలు ద్రవ్య విధానం. అది నేరుగా ఇంటి బీరువాను తాకుతుంది. ఏడాది చివర ఒకేసారి కట్టే అప్పుల్లో వడ్డీని కూడా కలిపి ఆ పరిమితిలో లెక్కించాలన్నది కొత్త నిబంధనల్లో మంచి షరతు. బంగారం శిఖరాన ఉన్నప్పుడు చిన్న అప్పుకు 85 శాతం ఇవ్వడం మాత్రం నాకు ధైర్యం కలిగించదు. పదిహేను శాతం జారితే చాలు, కుషన్ పోతుంది.

గద్వాల మగ్గం దగ్గర ఈ కథకు ఇంకో ముఖముంది. నూలు ఒడలు, పట్టు అంచు, కొంగు కలిపి నేసే గద్వాల చీరకు మెరుపు జరీది. అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ వెండి తీగ, దానిమీద బంగారు పూత. వెండి కిలో 2025 డిసెంబరులో రెండు లక్షలు దాటింది. బంగారం సంగతి చెప్పుకున్నాం. రాజోలి, అమరచింత నేతన్నకు చీర ధర ఆ వేగంతో పెరగదు. కొనేవాళ్ల చేతిలో డబ్బు లేకపోతే అసలు పెరగదు. అలాంటప్పుడు అసలు జరీ తగ్గి చవక జరీ వస్తుంది, లేదా అంచు సన్నబడుతుంది. పంట ధర పడటం, పసిడి ధర ఎక్కడం రెండూ ఒకే ఇంట్లో ఒకేసారి తగిలే చోటు ఇది. భర్త చేనుకు వెళ్లి, భార్య మగ్గం మీద కూచునే ఇళ్లు ఈ ఊళ్లలో ఉన్నాయి.

చేయగలిగినది ఏమైనా ఉందా అంటే, బంగారం ధర ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని ఎప్పుడు వదులుకోవాలన్నది మాత్రం కొంత చేతిలో ఉంది. యాసంగి పల్లి జనవరి నుంచి మార్చి దాకా మార్కెట్ యార్డులను ముంచెత్తుతుంది, ధర అప్పుడే అడుగున ఉంటుంది. బాకీల గడువులు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే పడితే రైతు తక్కువ ధరకు పంట అమ్మి, చాలనిదానికి నగ పెడతాడు. గడువు రెండు మూడు నెలలు జరపడానికి బ్యాంకుకు రెపో రేటు అక్కర్లేదు. మార్కెట్ కమిటీల గోదాముల్లో నిల్వ చేసిన పంట మీద అప్పిచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో అది పల్లి కాయకు నిండుగా అందితే, కుదువకు వెళ్లాల్సినవి ముందుగా బస్తాలు. పుస్తెలతాడు వంతు ఆ తర్వాతే వస్తుంది.